ఆరు ఖాళీ గడులు

మా ఆవిడ వరహాలు పోయిన నలభై మూడో రోజున విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది. తొమ్మిదో తరగతికి ఘర్షణ పాఠం చెబుతున్నాను. పాఠం మధ్యలో ఫోను ఎత్తడం నాకు అలవాటు లేదు. కానీ తెర మీద 'చొక్కావాళ్ళు' అని కనబడింది. ఆ పేరు నా ఫోనులో పెట్టింది వరహాలు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్ళాను.

"దండపాణి మాస్టారూ, ఒక సాయం అడగాలి. ఇష్టం లేకపోతే కాదనండి, నేనేమీ అనుకోను" అంది డాక్టర్ హిమబిందు.

"చెప్పండి."

"పలాస నుంచి ఒక అమ్మాయి వస్తోంది. వరహాలమ్మగారి చొక్కా గీతలకీ ఈ అమ్మాయి గీతలకీ ఉన్న పోలిక, మా దగ్గరున్న మూడు వేల మందిలో ఇంకెవరికీ లేదు. అయితే చార్టు సరిగా నింపడం లేదు. చాలా గడులు వదిలేసింది. మీరు నింపిన చార్టునే మేం అందరికీ మచ్చుగా చూపిస్తున్నాం. ఒక్కసారి వచ్చి ఎలా నింపాలో తనకి చెబుతారా? సోమవారం మందు మొదలుపెట్టాలి."

"ఏ మందు?"

"అమ్మగారికి ఇచ్చిందే."

శనివారం వస్తానన్నాను. తరగతిలోకి వెళ్ళాక ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. ముందు బల్ల మీది అమ్మాయి పుస్తకంలో వేలు పెట్టి చూపించింది. మిగిలిన పాఠం నిలబడి చెప్పలేకపోయాను, కూర్చునీ చెప్పలేకపోయాను. గంట కొట్టేదాకా గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పాను.

*

వరహాలుకి నొప్పులు ఆరేళ్ళ కింద మొదలయ్యాయి. మొదట ఎడమ బొటనవేలి మొదట్లో. సీసా మూత తిప్పలేకపోయేది. తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత తొడల కండరాలు, భుజాలు. ఆ నొప్పికి కుదురు లేదు. పొద్దున మోకాల్లో కనబడినది మధ్యాహ్నానికి భుజానికి ఎక్కేది. దాని వెనకాల మేమూ ఊళ్ళు తిరిగాం. ఒక డాక్టరు వాతమన్నాడు. ఒకాయన ఎండ తగలడం లేదన్నాడు. ఒకాయన బరువు తగ్గమన్నాడు. తగ్గితే, మరొకాయన బలం లేదన్నాడు. చివరికి ఒకావిడ నన్ను బయట కూర్చోమని, ఇంట్లో ఏమైనా దిగులా అని వరహాలుని అడిగింది.

"ఏటి చెప్పావు?" అని బస్సులో అడిగాను. మామూలుగా నేను 'ఏమిటి' అంటాను. అలిసిపోయినప్పుడు మా ఊరి మాట వస్తుంది.

"నొప్పే నా దిగులు తల్లీ అన్నాను. రాసుకుంది."

పరీక్షలన్నీ బాగానే వచ్చేవి. రిపోర్టు బాగుందన్న ప్రతిసారీ ఆవిడ మొహం చిన్నబోయేది. రెండు సంచుల కాగితాలయ్యాయి. "ఈ సంచులు మోసే నాకు భుజం నొప్పి వచ్చిందని ఒక్క డాక్టరూ కనిపెట్టలేదండి" అనేది.

నేను చేయగలిగింది నేను చేశాను. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. కండరాలకి మాంసకృత్తులు కావాలని లెక్కలతో చెప్పాను. మినుము తింటే ఒళ్ళు ఇనుమవుతుందని మా అమ్మ అనేది. ఆ మాటకి నేను శాస్త్రం జోడించాను. రోజూ పొద్దున్న ఇడ్లీ. రెండు చాలంటే మూడోది నేనే పళ్ళెంలో పెట్టేవాణ్ణి. ఆమదాలవలస నుంచి మా చెల్లెలు నెలకో డబ్బా సున్నుండలు పంపేది. పూటకొకటి తింటున్నావా అని డబ్బా మూత తీసి చూసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో విశాఖలోని ఆ కేంద్రం గురించి విన్నాం. కొండవాలున మూడంతస్తుల మేడ. కారణం దొరకని కండరాల నొప్పులూ కీళ్ళ నొప్పులూ తప్ప అక్కడ ఇంకేదీ చూడరు. అక్కడ పనిచేసే తవిటినాయుడు వరహాలుకి బూడిదరంగు చొక్కా ఒకటి ఇచ్చాడు. మోచేతులు దాటే చేతులు, మోకాళ్ళ దాకా పొడుగు, దారంతోపాటు వెంట్రుకంత తీగలు కలిపి అల్లినది. చీర కింద తొడుక్కోవచ్చు. ఒక నర్సు లోపల తొడిగి తీసుకొచ్చింది.

"అమ్మా, ఆ బిందె ఎత్తండి" అన్నాడు తవిటినాయుడు.

ఎత్తింది. గోడ మీది తెరలో గీతలు లేచాయి.

"దించీండి. ఇప్పుడేటీ చెయ్యకండి, కూకోండి."

కూర్చుంది. గీతలు పడుకున్నాయి. కొంతసేపటికి ఎడమ తొడ దగ్గరి గీత ఒక్కటే మళ్ళీ లేచింది.

"ఇదేటి బాబూ, ఊరికే కూచున్నాను కదా?"

"అదేనమ్మా. బిందె ఎత్తితే కండ వణుకుతాది, నొప్పొస్తే వణుకుతాది, చలేస్తే వణుకుతాది. కంటికి కనపడనంత సన్నం వణుకు. ఏది ఏటో ఈ చొక్కాకి తెల్దు. మీరు సెప్పాలి. ఏ రోజు ఎంత నొప్పో తొంభై రోజులు మీరు రాస్తే, దాన్ని చూసి ఇది నేర్చుకుంటాది. అప్పుడు మీలాగే వణికేవోళ్ళు ఇంకెవరున్నారో వెతుకుతాది. దొరికితే, వాళ్ళకి పనిచేసిన మందు మీకూ."

"దొరక్కపోతే?"

"అప్పుడు మీరే ఫస్టు."

వరహాలు నా వైపు తిరిగి, "మీ బళ్ళో చదవలేదు గానీ నేనూ ఫస్టు వచ్చేదాన్నే" అంది.

*

కేంద్రం వాళ్ళ చార్టు తొంభై గడుల కాగితం. రోజుకొక గడి. నొప్పి ఎక్కడో, ఎంతో రాయాలి. ఏమీ లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. వరహాలు ఆ అట్టకాగితం మీద రాయడానికి జంకింది. వంటింటి అలమరలో ఒక సన్నని నోటుపుస్తకం పెట్టుకుని పెన్సిలుతో రాసేది. వారానికోసారి, ఆదివారం పొద్దున, నేను దాన్ని చార్టులోకి నీలం సిరాతో ఎక్కించేవాణ్ణి. ఆవిడ 'తొడలో ఎవరో తడిగుడ్డ పిండినట్టు' అని రాస్తే, నేను 'కుడి తొడ, ముందు భాగం, 6' అని రాసేవాణ్ణి.

రెండో ఆదివారం ఒక ఖాళీ కనబడింది.

"ఏడో తేదీ రాయడం మర్చిపోయావు."

"మర్చిపోలేదండి. ఆ రోజు ఏటీ లేదు."

"ఆరున ఆరు వేశావు. ఎనిమిదిన ఏడు. మధ్యలో ఏమీ లేకుండా ఎలా పోతుంది?"

"ఉపాసం మర్నాడు నాకు తేలిగ్గానే ఉంటాది. ఎన్నోసార్లు చెప్పాను మీకు." పిండి రుబ్బుతోంది. గ్రైండరు చప్పుడు మీదుగా చెప్పింది.

"లేకపోతే సున్నా వెయ్యాలి."

"లేదని కాయితం మీద రాస్తే దిష్టి తగులుతాది. అలా ఒదిలీండి."

నేను ఇరవై రెండేళ్ళపాటు ఊరూరా తిరిగి నిమ్మకాయలో నెత్తురు ఎలా వస్తుందో, నిప్పుల మీద కాళ్ళు ఎందుకు కాలవో జనానికి చేసి చూపించినవాణ్ణి. మా ఇంట్లో ఏకాదశి ఉపవాసం ఉందని ఆ సభల్లో ఎప్పుడూ చెప్పలేదు. ఏకాదశి నాడు పస్తుంటే మర్నాడు నొప్పి పోయిందని రాసిన కాగితం పట్టుకుని ఆ మేడలో శాస్త్రవేత్తల ముందు కూర్చోవడం ఊహించుకున్నాను. ఖాళీగా వదిలినా ఎందుకని అడుగుతారు. ఆరుకీ ఏడుకీ సగటు ఆరున్నర. అరలు రాయకూడదు కనుక ఏడు వేశాను. ముందు రోజు ఎడమ మోకాలు, తర్వాతి రోజు ఎడమ మోకాలు. ఎడమ మోకాలని రాశాను.

ప్రయోగశాల రికార్డులో తీసుకోని రీడింగుని ఇలా నింపే పిల్లలకి నేను రెండు మార్కులు కోస్తాను.

తొంభై రోజుల్లో అలాంటి ఖాళీలు ఆరు వచ్చాయి. ఏ వారానికావారం నింపేశాను. ఆరింటినీ ఒక వరసలో పెట్టి ఎప్పుడూ చూడలేదు. పూర్తయిన చార్టుని వరహాలు చేతిలోకి తీసుకుని కాస్త దూరంగా పట్టుకుని చూసింది. "నా నొప్పి మీ చేతిరాతలో ఎంత పద్ధతిగా ఉందండి" అంది.

చార్టు చూసి డాక్టర్ హిమబిందు కూడా అలాంటి మాటే అంది. "తొంభైకి తొంభై. ఇంతవరకు ఎవరూ ఇలా ఇవ్వలేదు." రెండు వారాల తర్వాత ఫలితం చెప్పింది. వరహాలుది ఎడతెగని రకం నొప్పి. ఒక్క రోజు కూడా వదలదు. అచ్చంగా సరిపోయే మనిషి దొరకలేదు గానీ, ఎడతెగని రకం వాళ్ళు ఐదుగురున్నారు. వాళ్ళకి ఒక మందు పనిచేసింది. కండరాన్ని మొద్దుబార్చే మందు. రోజూ రెండు పూటలా కడుపునిండా తిని వేసుకోవాలి. ఒక్క పూట కూడా ఖాళీ కడుపుతో ఉండకూడదు.

"ఏకాదశికి?" అంది వరహాలు ఇంటికొచ్చాక.

"మందు వాడినన్నాళ్ళూ మానెయ్యి."

"ఇరవై మూడేళ్ళయిందండి."

"దేవుడు ఏమీ అనుకోడులే." నేను దేవుడి తరఫున మాట్లాడటం అదే మొదటిసారి. ఆవిడ నవ్వింది, మానేసింది.

మందు పనిచేసింది. పది రోజుల్లో తనే బకెట్టు ఎత్తింది. నెలలో మేడ మెట్లు ఎక్కింది. మేమిద్దరం కోటదుర్గమ్మ గుడిదాకా నడిచి వెళ్ళి వచ్చాం. గుడి బయట నిలబడి నేను చెప్పులు కాశాను. పదకొండో వారం బుధవారం మధ్యాహ్నం, ఆరిన బట్టలు మడతపెడుతూ వరండా మెట్టు మీద కూర్చుని, వరహాలు మళ్ళీ లేవలేదు. నేను బళ్ళో ఉన్నాను. ఒళ్ళో నా తెల్లచొక్కా సగం మడతలో ఉందని పక్కింటివాళ్ళు చెప్పారు.

గుండె కండరం బాగా దెబ్బతిని ఉందన్నారు. ఎందుకో తెలియదన్నారు. గుండె కూడా కండరమేనన్న పాఠం పక్కగదిలో జీవశాస్త్రం మాస్టారు ఏటా చెబుతారు. గోడ మీదుగా నేను ఏటా వింటాను.

*

శనివారం వెళ్ళాను. పుణ్యవతికి ఇరవై ఏడేళ్ళుంటాయి. బిడ్డిక ఇంటిపేరు వాళ్ళ పిల్ల. పుట్టింది సీతంపేట కొండల్లో, పలాసలో ఇచ్చారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొడుతుంది. జీడి రసానికి వేళ్ళ చివర్లు నల్లబడి ఉన్నాయి. మణికట్లు వాచి, రెండు నెలలుగా పిక్క మీద దెబ్బ సరిగా పడటం లేదట. వరహాలు తొడుక్కున్నటువంటి చొక్కా చేతులు ఆ అమ్మాయి జాకెట్టు కింద నుంచి కనబడుతున్నాయి. నేను అటు ఎక్కువసేపు చూడలేదు.

డాక్టరు బల్ల మీద రెండు చార్టులు పక్కపక్కన పరిచింది. ఒకటి నా నీలం సిరా. రెండోది పెన్సిలు రాత, మసిమరకలు, అక్కడక్కడ గుంపులుగా మొత్తం పదకొండు ఖాళీలు.

"మాస్టారు నీకు చెప్పడానికి పాలకొండ నుంచి వచ్చారు, పుణ్యవతీ" అంది డాక్టరు.

"చూడమ్మా, రాయడం మరిచిపోయిన రోజుంటే..." అని మొదలుపెట్టాను.

"మరిసిపోనేదండి."

"మరి ఖాళీలెందుకు?"

"నొప్పి నేని రోజు ఏటి రాయమంటారు మేష్టారూ?"

డాక్టరు ఓపిగ్గా అంది. "నీ చొక్కా గీతలు మేం చూశాం కదా. నువ్వు ఖాళీ వదిలిన రోజుల గీతలు, అమ్మగారికి ఏడున్న రోజుల గీతల్లాగే ఉన్నాయి. అంటే నీకూ ఆ రోజుల్లో నొప్పి ఉన్నట్టే."

"గీతలకి ఉందేమోనండి. నాకు నేదు."

తవిటినాయుడు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు.

"ఏ రోజులమ్మా అవి?" అన్నాను.

"మాయమ్మ కాడికి ఎల్లిన రోజులండి. పాపని అక్కడే ఒగ్గీసినాను. నెలకోపాలి ఎల్తాను. ఎల్లిన రెండోనాటికి నొప్పులు దిగిపోతాయి. కిందకొచ్చిన మూడోనాటికి మళ్ళీ ఎక్కుతాయి. మాయాయన నవ్వుతాడండి. అత్తోరింట్లో మూలుగు, కన్నోరింట్లో గంతులు అంటాడు. సూపర్‌వైజరు గారూ అలాగే అంటాడు. అందుకే ఎవులికీ సెప్పను. కాయితం మీద ఒగ్గేసినాను."

"మనసు తేలికపడితే నొప్పి తెలియకపోవడం కూడా ఉంటుంది" అంది డాక్టరు, నాతో అన్నట్టుగా.

"అదీ సెప్పినారండి ముగ్గురు" అంది పుణ్యవతి. కోపంగా అనలేదు. వరహాలు కూడా ఇలాగే అనేది.

డాక్టరు నా వైపు పెన్ను జరిపింది. ఖాళీలు ఆ అమ్మాయిచేత ఎలా నింపించాలో నేను చూపించాలి. ముందు రోజు అంకె, తర్వాతి రోజు అంకె. సగటు. నా చార్టులోని గడుల మీదికి నా కళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. ఏడో తేదీ. ఎడమ మోకాలు, 7.

మంచినీళ్ళు తాగి వస్తానని లేచాను. మెట్లు దిగాను, గేటు దాటాను, కొండవాలు దిగి బస్సెక్కాను. దారిలో చిలకపాలెం దగ్గర కారణం లేకుండా దిగిపోయాను. మళ్ళీ ఇంకో బస్సెక్కాను. కూర్చున్న సీటులో ఉండలేక రెండుసార్లు మారాను. కండక్టరు "మేష్టారూ, ఏదో ఒక కాడ కుదురుగా కూకోండి బాబూ" అన్నాడు.

ఇంటికొచ్చి పెన్సిలు నోటుపుస్తకం తీశాను. ఆరు ఖాళీల తేదీలూ మొదటిసారి ఒక వరసలో రాశాను. ఏడు. ఇరవై రెండు. ఆరు. ఇరవై ఒకటి. ఐదు. ఇరవై.

వంటింటి గోడకి వరహాలు క్యాలెండరు ఉంది. ప్రతి తేదీ కింద తిథి రాసి ఉండే రకం. ఆవిడ పోయిన నెల దగ్గరే ఆగి ఉంది. నేను తిప్పలేదు. అయిపోయిన కాగితాలు చింపకుండా వెనక్కి మడిచే అలవాటు ఆవిడది. వెనక్కి తిప్పుతూ వెళ్ళాను. ఏడో తేదీ కింద ద్వాదశి. ఇరవై రెండు కింద ద్వాదశి. మిగిలిన నాలుగూ చూడక్కర్లేదని తెలుసు. అయినా చూశాను. రీడింగులన్నీ చూడాలి.

ద్వాదశి అంటే ఉపవాసం మర్నాడు.

*

ఆదివారమంతా తిరిగాను. బస్టాండుదాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. ఫోను చేసి చెప్పవచ్చు. నంబరు నొక్కి రెండుసార్లు ఆపేశాను. వరహాలుది ఎడతెగని రకమని వాళ్ళు రాసుకున్నది తప్పని చెప్పడం పెద్ద కష్టం కాదు. చెప్పాక వాళ్ళు సరైనది వెతుకుతారు. దొరికితే, అది ఎప్పుడో దొరకవలసిందని నాకు తెలుస్తుంది. ఇప్పుడైతే ఎవరికీ తెలియని కారణంతో ఆవిడ పోయింది. ఆ మాట పట్టుకుని నలభై రోజులుగా బతుకుతున్నాను.

సోమవారం మొదటి బస్సుకి వెళ్ళాను. నేను మూడో అంతస్తు ఎక్కేసరికి పుణ్యవతి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ట్రేలో రెండు మాత్రలు, గ్లాసుడు నీళ్ళు.

"తిన్నావా?" అని నర్సు అడుగుతోంది.

"కాంటీన్లో ఇడ్లీ తిన్నానండి."

"ఆ మందు ఇవ్వకండి" అన్నాను.

డాక్టర్ హిమబిందు తలెత్తింది. నోటుపుస్తకం ఆమె ముందు పెట్టి, ఆరు పేజీల్లో పెట్టిన గుర్తులు చూపించాను.

"ఇది మా ఆవిడ రాసింది. ఈ ఆరు రోజులూ ఆవిడ ఖాళీ వదిలింది. ఆరూ ద్వాదశులే. ఆ రోజుల్లో నొప్పి లేదని నాకు చెప్పింది కూడా. చార్టులో ఉన్న అంకెలు నేను వేసినవి."

ఆమె ఒక్కొక్క పేజీ తిప్పింది. "మీరు సైన్సు మాస్టారు కదా" అంది చివరికి.

"అందుకేనండి."

ఆమె అద్దాలు తీసి కళ్ళు నొక్కుకుంది. "మీ చార్టుని నమ్మి ఆవిడ ప్రశాంతంగా ఉన్న రోజుల వణుకుని నొప్పి అని నేర్పాం చొక్కాకి. అది అలాగే నేర్చుకుంది. దాంతో ఇంకా పదకొండు మంది చార్టుల్లో ఖాళీలు మేమే నింపాం. వాళ్ళంతా లేదని చెప్పినవాళ్ళే. చదువుకోనివాళ్ళు, మర్చిపోయి ఉంటారనుకున్నాం." ట్రేని తన చేత్తో పక్కకి జరిపింది. "మీకొక్కరికే కాదు మాస్టారూ మార్కులు పోయేది."

పుణ్యవతికి అంతా అర్థం కాలేదు. తవిటినాయుడి వైపు వంగి మెల్లగా అడిగింది. "అయితే నాకు నొప్పి నేదంటే నేనట్టేనా?"

"నేనట్టే" అన్నాడతను.

ఆ రోజు నా చేత నా చార్టులోని ఆరు అంకెలూ ఎర్రసిరాతో కొట్టించి, ఒక్కొక్కదాని పక్కన సంతకం పెట్టించారు. సిరా ఆరేదాకా నిలబడ్డాను.

చొక్కాకి మళ్ళీ మొదటినుంచి నేర్పడానికి రెండు రోజులు పట్టింది. ఈసారి ఇద్దరి గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే లేవడంలోనూ పడుకోవడంలోనూ కలిశాయి. ఎడతెగని రకం కాదు. ఆగి ఆగి వచ్చేది. ఏదో ఒంట్లోకి వస్తే లేచి, రాకపోతే దిగేది. ఇద్దరి ఇళ్ళలోనూ రోజూ ఉండేది, నొప్పి లేని రోజుల్లో మాత్రం లేనిది ఏమిటని వెతికారు. రోజుకోసారి ఫోను వచ్చేది. అమ్మగారు ఏకాదశికి ఏం తినేవారు? రెండు అరటిపళ్ళు, పాలు. ద్వాదశి పొద్దున? మళ్ళీ మామూలే. నీళ్ళు ఎక్కడివి? సబ్బు మార్చేవారా? అక్కడ పుణ్యవతిని అడిగేవారు. అమ్మ దగ్గర ఏం తింటావు? చోడి అంబలి, అదే రాగి అంబలి, ఆకుకూర, కందులు. పలాసలో? పొద్దున్న ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇడ్లీ, నడుముకి బలమని అత్తగారు పెట్టే మినపరొట్టె.

పదహారో రోజున డాక్టరు తనే ఫోను చేసింది. మినుములు. అందరికీ బలమిచ్చేవే. వీళ్ళిద్దరి ఒంట్లో మాత్రం అందులోని ఒక అంశం అరగకుండా కండరాల్లో చేరి అక్కడే మేకులా దిగుతుంది. కొన్నాళ్ళు ఆపితే కొంత కరుగుతుంది. ఎడతెరిపి లేకుండా తింటే గుండెదాకా వెళుతుంది. లక్షల్లో ఒకరికో, కోట్లలో ఒకరికో తనకింకా తెలియదంది. మందు వల్ల నొప్పి తెలియలేదు, అంతే, అంది. ఉపవాసం మానమన్నది మేమే కదా, అని కూడా అంది.

"నేను కూడా అన్నానండి" అన్నాను. చెప్పినందుకు ధన్యవాదాలన్నాను.

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. అలమరలో మా చెల్లెలు పంపిన డబ్బా అలాగే ఉంది. మూత తీశాను. అలవాటుగా లెక్కపెట్టాను. ఏడున్నాయి. పూటకొకటి చొప్పున మూడున్నర రోజులవి. డబ్బా కడిగి ఎండలో బోర్లించడానికి నాకు చాలాసేపు పట్టింది. గిన్నెలు తోమే చోట రెండుసార్లు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాను.

*

రెండు నెలల తర్వాత కేంద్రం వాళ్ళు మళ్ళీ పిలిచారు. ఈసారి ఎవరికీ నేర్పడానికి కాదు. చార్టు కింద ఇప్పుడు కొత్తగా ఒక గీత అచ్చువేశారు. నింపినదాన్ని చదివి, మనిషిని అడిగి, ఖాళీలు నిజంగా ఖాళీలేనని ఇంకొకరు సంతకం చెయ్యాలి. పుణ్యవతి నా పేరు చెప్పిందట.

ఆ అమ్మాయి మణికట్ల వాపు తగ్గింది. పాపని కిందకి తెచ్చుకుంది. మూడేళ్ళ పిల్ల, నా చెప్పుల్లో కాళ్ళు పెట్టి గదంతా నడుస్తోంది. చార్టులో మొదటి రెండు వరసల్లో అంకెలున్నాయి. తర్వాత అక్కడొకటి, అక్కడొకటి. ఇప్పటిదాకా అన్నీ కలిపి ఖాళీ గడులు ముప్ఫై నాలుగు.

"సున్నా వెయ్యొచ్చు కదమ్మా" అన్నాను.

"నేదని రాస్తే దిష్టండి." కాస్త భయంగా చూసింది. "ఇన్ని ఖాళీలొగ్గీసినానని కోప్పడతారా?"

"లేదమ్మా." ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి అడిగాను. ప్రతి దానికీ "నేదండి" అంది. ముప్ఫై నాలుగుసార్లు. ఎక్కడా తొందరపడలేదు, నేనూ తొందరపడలేదు.

పెన్ను మూత తీశాను. ఆ అమ్మాయి గోడకి మచ్చుగా అంటించిన మా చార్టుని చూస్తోంది. దాన్ని ఇంకా అక్కడి నుంచి తీయలేదు. ఎర్రగీతలు ఆరూ దూరానికి కూడా కనబడుతున్నాయి.

"అమ్మగారికి ఎప్పుడు తేలిగ్గా ఉండేదండి?"

అప్పటిదాకా తేదీలూ తిథులే చెప్పాను గానీ, ఆ మాటని ఆవిడ మాటగా నేను ఎక్కడా రాయలేదు, పైకి అనలేదు.

"ఉపవాసం మర్నాడు" అన్నాను.

"మీకు సెప్పేవోరా?"

"చెప్పేది."

పాప చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి తల్లి మోకాలికి ఆనుకుంది. పుణ్యవతి వంగి, రెండు చేతులతోనూ, ఏ జంకూ లేకుండా పిల్లని ఎత్తుకుంది.

"అయితే ఆవిడికి తెలుసండి" అంది.

"తెలుసు" అన్నాను. సంతకం చేశాను.